రేకుల కింద కథ

ఏడాదికొకసారి, సెప్టెంబరు రెండో శనివారం,
కుర్రాబీకి పుస్తకాలొస్తాయి.
మిగతా రోజుల్లో వచ్చేవి
గోధుమల లారీలూ, బ్యాంకు ఉత్తరాలూ.

ఉన్నదొక్కటే వీధి.
మాంసం కొట్టు అద్దాల వెనక, కడిగిన ట్రేల మీద
వంటల పుస్తకాలు పడుకుంటాయి.
రైలు రాని స్టేషన్లో యుద్ధాల చరిత్ర.
పెట్రోలు బంకులో ప్రేమ నవలలు, మూడు కొంటే ఒకటి ఉచితం.
ట్రాక్టర్లు బాగుచేసే క్లైవ్ అక్కడే ఎక్కువసేపు నిలబడతాడు,
ఎవరైనా వస్తే టైర్లో గాలి చూస్తున్నట్టు వంగుతాడు.

నా పని కుర్చీలు.
ఉన్ని కత్తిరించే షెడ్డులో నూట పది వేస్తాను,
డెబ్బై నిండితే చాలనుకుంటాను.
చెక్కనేలలో ఇంకిన గొర్రెల వాసన ఎంత కడిగినా పోదు.
అడిలైడ్ నుంచి వచ్చే రచయితలు ముందు ముక్కు మూసుకుంటారు,
తర్వాత దాని గురించే రాస్తారు.

ఆ ఏడు మాత్రం ఎవరి మొహంలోనూ పండగ లేదు.
ఆకాశం మాకు మూడేళ్ళ బాకీ.
కంకులు మోకాలెత్తుకి రాకుండానే పసుపెక్కాయి.
రెండు డాలర్ల పుస్తకం కొని
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు జనం.

ఆఖరి వంతు ఆల్విన్ పెంగెల్లిది.
ఎనభై రెండేళ్ళ మనిషి, రాగి గనుల వంశం.
ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని కథ, అన్నాడు.
గనిలో దీపం ఆరిపోయింది.
ముగ్గురన్నదమ్ములు.
చీకట్లో ఒకరి చెయ్యి ఒకరు వెతుక్కుని
ఒక రాతి మీద అరచేతులు పేర్చి లెక్కపెట్టారు.
ఒక్కొక్కరిదీ ఒక్కొక్క చెయ్యే.
ఒకటి.
రెండు.
మూడు.
నాలుగు.

అప్పుడు పైన ఎవరో గులకరాయి విసిరినట్టయింది.
ఇంకొకటి.
తర్వాత రేకులన్నీ ఒక్కసారిగా ఊ కొట్టాయి.

డెబ్బై మొహాలు పైకి లేచాయి.
ఇక ఆల్విన్‌ని చూసినవాళ్ళు లేరు.
బాకీల మార్జొరీ చెప్పులు విడిచి బయటికి పరుగెత్తింది,
ఆమె వెనకాల ఊరంతా.
కొన్న పుస్తకాలు చంకలో ఉన్న సంగతి మరిచి
నోళ్ళు తెరిచి నిలబడ్డారు వానలో.
నేనూ వెళ్ళాను. దాచడమెందుకు.

ఆల్విన్ ఆపలేదు.
మొండివాడు. వినబడని కథని
చివరిదాకా చెప్పి, టోపీ పెట్టుకుని, దిగాడు.

మొదటి వరుసలో ఒక్క కుర్చీ మాత్రం ఖాళీ కాలేదు.
టిల్డా నోస్కె, తొమ్మిదేళ్ళది, పుట్టు చెవుడు.
నేల అదురుతుంటే
ఎవరో కుర్చీలు లాగుతున్నారనుకుందట.
పెదవుల మీంచి కళ్ళు తీయలేదు.

తడి ఆరాక గుర్తొచ్చింది అందరికీ
ఆ నాలుగో చెయ్యి ఎవరిది?
ఆల్విన్‌ని అడిగితే, చెప్పేశాను కదా, అన్నాడు.
కథ కంచికి వెళ్ళిందో గనిలోనే ఉండిపోయిందో
తెలిసింది ఆ పిల్లకొక్కదానికే.

ఇంక చూడాలి, ఊరు ఊరంతా ఆమె చుట్టూ.
మాంసం కొట్టాయనకి కాగితం మీద రాసిచ్చింది: వాళ్ళమ్మది.
క్లైవ్‌కి: అంతకుముందు ఏడాది తప్పిపోయినవాడిది.
మార్జొరీకి: మూడోవాడు తన చేతినే రెండుసార్లు లెక్కపెట్టాడు, భయంతో.
ముగ్గురూ కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకుని
గొడవపడ్డారు గానీ
ఎవరి కాగితం వాళ్ళు జేబులో పెట్టుకునే వెళ్ళారు.

నేను అడగలేదు. సిగ్గేసింది,
ముందు పరుగెత్తినవాళ్ళలో నేనున్నాను.

ఇవాళ ఆఖరి వంతు టిల్డాది. పదహారేళ్ళు.
చేతులతో చెప్తుంది, పక్కన వాళ్ళక్క గొంతు కలుపుతుంది.
వెనక వరుసలకి వేళ్ళు కనబడవని
పొద్దున్నించీ కుర్చీలు సగం చంద్రుడిలా జరుపుతున్నాను.
ఒక బల్బు సరిగ్గా ఆమె అరచేతుల మీద పడాలి.
క్లైవ్ నిచ్చెన పట్టుకున్నాడు,
జేబులో నవల పైకి కనబడుతున్నా పట్టించుకోకుండా.

పడమర కొంచెం నల్లబడుతోంది.
పడనీ.